ఉద్యోగి బిడ్డల చదువు – ఆదాయపు పన్ను

రేపల్లె నుండి తెనాలి వచ్చే రైలుబండిలో మాటలకు కావలసినంత వ్యవధి దొరుకుతుంది. 2025వ సంవత్సరం జూన్ నెలలో ఒకనాటి ఉదయం నేనా బండిలో వస్తుండగా, భట్టిప్రోలు దాటిన తర్వాత, ఎదుటి బల్లమీద కూర్చున్న పెద్దమనిషి తన సంచిలోనుండి మడతలు పడిన కాగితమొకటి బయటకు తీసి ప్రక్కనున్న మిత్రునికి చూపించినాడు. కిటికీ ప్రక్కన ఆయన కుమార్తె కాబోలు, ఒక అమ్మాయి పుస్తకం చదువుకుంటున్నది.

“చూడండి, నాకు రాని జీతాన్ని నా జీతంలో కలిపినారు. ముప్ఫై ఆరు వేలట! నేను కంటితో చూడలేదు, చేతితో ముట్టలేదు. దానిమీద పన్ను పట్టుకున్నారు” అన్నాడాయన.

“ఏమిటా ముప్ఫై ఆరు వేలు?” అని అడిగినాడు మిత్రుడు.

“అమ్మాయి ఫీజండి. మా సంస్థవారి కాలేజీలోనే చదువుతున్నది. ఉద్యోగి బిడ్డ అని ఫీజు తీసుకోలేదు. తీసుకోలేదని సంతోషించినాను. ఇప్పుడిదీ సంగతి.”

“కుడిచేత్తో ఇచ్చి ఎడమచేత్తో పుచ్చుకున్నారన్నమాట” అన్నాడు మిత్రుడు.

ఈ చివరి మాట చాలామంది నోట వినబడేదే. విశ్వవిద్యాలయాలలోను, కళాశాలలలోను పనిచేసేవారికి బిడ్డల చదువు విషయంలో ఏదో ఒక సదుపాయం దొరికినప్పుడల్లా పన్ను సంగతి వెనుకనే వస్తున్నది. సదుపాయం పొందే ప్రతి కుటుంబానికీ ఈ లెక్క తెలిసి ఉండటం అవసరం. అందుచేత ఆ కాగితం వెనుకనున్న న్యాయమేమిటో ఈనాడు కొంచెం విచారించుదాం.

ముందుగా ఒక ప్రశ్న. డబ్బు రూపంలో రానిది జీతమెట్లా అవుతుంది? మన కృష్ణా డెల్టాలో పుట్టిపెరిగినవారికి దీని సమాధానం వేరే చెప్పనక్కరలేదు. కోతల కాలంలో కూలి ధాన్యంగా ఇచ్చే ఆచారం మన పల్లెలలో ఉండేది. గింజలు కొలిచి పుచ్చుకున్నవాడు ‘నాకు కూలి ముట్టలేదు’ అనడు. యేడాదికి ఇన్ని బస్తాల వడ్లు, ఇన్ని బట్టలు అని మాట్లాడుకున్న పాలేరు జీతమూ అటువంటిదే. పనిచేసినందుకు ప్రతిఫలంగా ముట్టినది ఏ రూపంలో ఉన్నా అది జీతంలోని భాగమే. ఆదాయపు పన్ను చట్టం చెప్పేదీ ఇంతకంటె వేరు కాదు. 1961వ సంవత్సరపు చట్టంలోని 17వ సెక్షను జీతానికి తోడుగా ఉద్యోగికి లభించే ఇట్టి ప్రయోజనాలను పేర్కొన్నది. ఆఫీసులలో వీటినే ‘పెర్క్విజిట్లు’ అంటారు. అద్దెలేని ఇల్లు, సొంతానికి వాడుకునే కంపెనీ కారు, బిడ్డల చదువు – ఇవన్నీ ఆ కోవలోనివే.

పన్ను వేయడంలోని న్యాయాన్ని మరొక విధంగా చూడవచ్చును. ఒకే జీతం పుచ్చుకునే ఇద్దరు గుమాస్తాలను ఊహించండి. ఒకరు తెనాలిలో ఒక వ్యాపార సంస్థలో పనిచేస్తూ, తన జీతంలోనుండి ముప్ఫై ఆరు వేలు కట్టి కుమార్తెను చదివిస్తున్నారు. రెండవవారు విద్యాసంస్థలో పనిచేస్తూ ఫీజు కట్టకుండానే చదివిస్తున్నారు. మొదటివారు ఆ ముప్ఫై ఆరు వేలకు పన్ను చెల్లించిన తర్వాతనే ఫీజు కట్టగలిగినారు. రెండవవారి విషయంలో మాత్రం ఆ మొత్తాన్ని విడిచిపెడితే ఇద్దరి మధ్య తూకం తప్పుతుంది. ఈ దృష్టితో చూచినప్పుడు రైలులోని పెద్దమనిషి ఫిర్యాదులో కొంత బలం తగ్గుతుంది. కాని పూర్తిగా పోదు. ఎందువల్లనో ముందుముందు చెబుతాను.

ఇక లెక్క కట్టే విధానం. ఇది 1962వ సంవత్సరపు ఆదాయపు పన్ను నియమావళిలో మూడవ నియమం క్రింద నిర్ణయమైనది. ఉద్యోగి కుటుంబంలో ఎవరికైనా యజమాని ఉచితంగా గాని, తక్కువ రుసుముతో గాని చదువు చెప్పించితే, అందుకు యజమాని పెట్టిన ఖర్చే ఆ ప్రయోజనం విలువ. ఆ విద్యాసంస్థ యజమానిదే అయినప్పుడు విడిగా ఖర్చు కనబడదు గనుక, ఆ ఊరిలోనో, సమీపంలోనో అటువంటి సంస్థలో అదే చదువుకు ఎంత అవుతుందో చూచి ఆ మొత్తాన్ని విలువగా తీసుకుంటారు. ఉద్యోగి తన వంతుగా ఏదైనా కట్టి ఉంటే దానిని తీసివేస్తారు. కుటుంబమంటే భార్య లేక భర్త, బిడ్డలు, వారి జీవిత భాగస్వాములు, తల్లిదండ్రులు, ఆధారపడినవారు, పనివారు కూడ అని నియమం వివరించినది.

ఆ నియమావళిలో దీనికొక మినహాయింపు ఉండేది. విద్యాసంస్థ యజమాని సొంత నిర్వహణలో ఉండి, చదివేది ఉద్యోగి బిడ్డలే అయి, ఒక్కొక్క బిడ్డకు విలువ నెలకు వేయి రూపాయలు మించకపోతే పన్ను ఉండేది కాదు. ఇందులోని మూడు షరతులనూ గమనించవలెను. సంస్థ యజమానిది కావలెను, లేదా ఆ ఉద్యోగం కారణంగానే ఉచితంగా చదువు చెప్పే మరొక సంస్థ కావలెను. చదివేవారు బిడ్డలే కావలెను, తమ్ముడో మనుమరాలో అయితే చెల్లదు. విలువ వేయి దాటకూడదు. దాటినప్పుడేమవుతుంది? మొత్తమంతా పన్నుకు లోబడుతుందని ఒక వాదం, వేయికి పైబడినదే లోబడుతుందని మరొక వాదం. మన పెద్దమనిషి సంస్థవారు మొదటి వాదాన్ని అనుసరించి నెలకు మూడు వేల చొప్పున మొత్తం ముప్ఫై ఆరు వేలూ కలిపినారు. పన్ను తక్కువ పట్టితే తరువాత తామే జవాబు చెప్పుకోవలసివస్తుంది గనుక యజమానులు సాధారణంగా ఈ జాగ్రత్త దారినే పోతారు.

ఇప్పుడు మన ప్రాంతంలోని కళాశాలలకు ఈ నియమాన్ని వర్తింపజేసి చూద్దాం. బాపట్ల వ్యవసాయ కళాశాల 1945లో వెలసినది. 1964లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు అందులో అంతర్భాగమైనది. నిడుబ్రోలు వాస్తవ్యులు ఆచార్య ఎన్.జి. రంగాగారి పేరు ఆ విశ్వవిద్యాలయానికి తరువాత వచ్చినది. ఇట్లా విశ్వవిద్యాలయమే స్వయంగా నడిపేదానిని అంగ కళాశాల అంటారు. 1976లో నాగార్జున విశ్వవిద్యాలయం ఏర్పడిన తరువాత తెనాలి, బాపట్ల, రేపల్లెలలోని డిగ్రీ కళాశాలలు దాని పరిధిలోనికి వచ్చినవి. అవి అనుబంధ కళాశాలలు. వాటిని నడిపేది ప్రభుత్వమో, వేరు వేరు విద్యాసంఘాలో. పాఠ్యక్రమం, పరీక్షలు, పట్టాల వరకే విశ్వవిద్యాలయానికి సంబంధం.

పన్ను లెక్కలో ఈ తేడా పెద్దది. విశ్వవిద్యాలయ ఉద్యోగి బిడ్డ ఆ విశ్వవిద్యాలయపు అంగ కళాశాలలో ఫీజు రాయితీతో చదివితే, యజమాని సొంత సంస్థలో చదివినట్లే. అదే బిడ్డ తెనాలిలోని ఒక అనుబంధ కళాశాలలో చేరి, ఆ ఫీజును విశ్వవిద్యాలయం భరించిందనుకోండి. ఆ కళాశాల యజమానిది కాదు, ఫీజును యజమానే భరించినది గనుక వేయి రూపాయల మినహాయింపు అక్కడ పనికిరాదు. భరించిన ప్రతి రూపాయీ జీతంలో కలుస్తుంది. పట్టా మీద విశ్వవిద్యాలయం పేరున్నంత మాత్రాన కళాశాల విశ్వవిద్యాలయానిది కాదన్న సంగతి మనవారు తరచు మరచిపోతారు. ఏ సంస్థలో ఏ రాయితీ ఉన్నదో, అసలు ఉన్నదో లేదో, అది ఆ సంస్థ ఉత్తర్వులను బట్టి తెలుసుకొనవలసినది. ఉన్నచోట లెక్క మాత్రం ఇట్లా నడుస్తుంది.

సమీపంలోని అటువంటి సంస్థతో పోల్చడమన్నారు గదా, అదీ అంత సులభం కాదు. బి.ఏ. చదువుకైతే తెనాలిలో పోల్చడానికి కళాశాలలున్నవి. ప్రత్యేక విద్యలు చెప్పే కళాశాలకు అదే ఊరిలో జోడు ఎక్కడ దొరుకుతుంది? దూరపు పట్టణంలోని ఖరీదైన సంస్థతో పోల్చితే ఉద్యోగికి అన్యాయం జరుగుతుంది. అందుచేత ఏ సంస్థతో పోల్చి విలువ కట్టినారో ఆఫీసువారిని అడిగి తెలుసుకునే హక్కు తమకున్నదని ఉద్యోగులు గ్రహించవలెను.

మరికొన్ని సదుపాయాలను దీనితో కలిపివేయకూడదు. జీతంతో పాటు నగదుగా ఇచ్చే బిడ్డల చదువు భత్యం వేరు. 1962 నియమావళి ప్రకారం ఇందులో బిడ్డకు నెలకు నూరు రూపాయలు, వసతిగృహ ఖర్చుకు మూడు వందలు, ఇద్దరు బిడ్డల వరకు మినహాయింపు ఉండేది. అర్హతను బట్టి విద్యార్థి పొందే ఉపకారవేతనం మరొకటి. చదువు ఖర్చుకై ఇచ్చిన ఉపకారవేతనాన్ని 1961 చట్టంలోని పదవ సెక్షను పన్నునుండి తప్పించినది. బిడ్డ ప్రతిభకు దక్కినదీ, తండ్రి ఉద్యోగం వల్ల దక్కినదీ ఒకటి కావు. ఇక ఉద్యోగి తన జేబులోనుండి కట్టిన ట్యూషన్ ఫీజుకు 80సి సెక్షను క్రింద, ఇతర పొదుపులతో కలిపి లక్షా యాభై వేల వరకు, ఇద్దరు బిడ్డలకు తగ్గింపు ఉండేది. చదువు మన దేశంలో పూర్తికాలపు చదువు కావలెను. విరాళాలు, అభివృద్ధి రుసుములు లెక్కకు రావు. మాఫీ అయిన ఫీజును కట్టినట్లు చూపడం తగదు. కట్టనిదానికి తగ్గింపు లేదు.

విదేశాల సంగతీ ఒక మాట చెప్పుకోవలెను. తెనాలి, బాపట్ల వీధులలో అమెరికాలో బంధువులున్న ఇండ్లు తక్కువేమీ కావు. అక్కడి విశ్వవిద్యాలయాలలో ఉద్యోగం చేస్తున్న మనవారికి ఈ విషయం చక్కగా తెలుసు. 1984లో అమెరికా కాంగ్రెసు చేసిన చట్టం ద్వారా అక్కడి పన్ను స్మృతిలోని 117వ సెక్షనులో ఒక ఏర్పాటు చేరినది. దాని ప్రకారం విద్యాసంస్థ ఉద్యోగికి, భార్యకు లేక భర్తకు, ఆధారపడిన బిడ్డలకు డిగ్రీ స్థాయి వరకు ఇచ్చిన ఫీజు రాయితీపై పన్ను లేదు; మొత్తం ఎంతైనా సరే. అయితే ఆ రాయితీ పెద్ద ఉద్యోగులకే పరిమితం కాకూడదు. సంస్థలోని ఉద్యోగులందరికీ వివక్ష లేకుండా అందుబాటులో లేకపోతే పెద్ద జీతాలవారు ఆ మినహాయింపును కోల్పోతారు. డిగ్రీ దాటిన చదువులకు మాత్రం బోధనలోనో పరిశోధనలోనో సహాయం చేసే విద్యార్థులకే మినహాయింపు.

2017 నవంబరులో అక్కడి ప్రతినిధుల సభ ఆమోదించిన పన్ను బిల్లులో ఈ మినహాయింపు తీసివేసినారు. చేతికి అందేది చిన్న భృతి, మాఫీ అయ్యే ఫీజు దానికెన్నో రెట్లు. ఆ ఫీజునంతటినీ ఆదాయంగా లెక్కించితే పరిశోధక విద్యార్థి పన్ను ఎట్లా కట్టగలడు? మన దేశం నుండి వెళ్ళినవారితో సహా విద్యార్థులందరూ ఆందోళన పడినారు. అనేక విశ్వవిద్యాలయాలలో నిరసనలు జరిగినవి. చివరకు డిసెంబరులో చట్టమైన రూపంలో ఆ మినహాయింపు నిలిచినది. కాగితం మీది ఆదాయానికి, చేతిలోని డబ్బుకు ఉన్న దూరం ఎంత బాధ పెట్టగలదో చెప్పడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

ఇక్కడనే మన పెద్దమనిషి ఫిర్యాదులో మిగిలిన బలం కనబడుతుంది. ధాన్యం కూలిగా పుచ్చుకున్నవాడు అవసరమైతే గింజలమ్మి అప్పు తీర్చగలడు. మాఫీ అయిన ఫీజును అమ్మి పన్ను కట్టలేము. పన్ను మాత్రం నగదుగానే పోవలెను. అటువంటి ఇబ్బందిని తగ్గించడానికే గదా వేయి రూపాయల మినహాయింపు పెట్టినది. కాని 2001లో మూడవ నియమాన్ని తిరగవ్రాసినప్పుడు ఉన్న ఆ వేయి, 2009లో మరల వ్రాసినప్పుడును వేయిగానే నిలిచినది. ఇన్నేండ్లలో కళాశాల ఫీజులు ఎక్కడనుండి ఎక్కడికి పోయినవో ఇంటింటా తెలిసినదే. పరిమితి కదలకపోతే మినహాయింపు ఉండీ లేనట్లే. పన్ను వేయడం న్యాయమే కావచ్చును. పరిమితిని కాలంతో పాటు నడపడమూ న్యాయమే.

మరల రైలులోనికి పోదాం. వేమూరు దాటినాము. నేను చొరవ చేసి, “అయ్యా, ఆ కాగితం ఒకసారి చూడవచ్చునా?” అని అడిగినాను. ఆయన సంతోషంతో ఇచ్చినాడు. అది 2024–25 ఆర్థిక సంవత్సరపు ఫారం 16. జీతం ఏడు లక్షల ఇరవై వేలు. ఫీజు ముప్ఫై ఆరు వేలు. మొత్తం ఏడు లక్షల యాభై ఆరు వేలు. ప్రావిడెంటు ఫండు, బీమా వంటి పొదుపులు లక్షా యాభై వేలు ఉన్నవి గనుక ఆయన పాత పన్ను పద్ధతిని కోరుకున్నాడు. వృత్తి పన్ను వంటి చిన్న లెక్కలు విడిచిపెడితే, స్థిర తగ్గింపు యాభై వేలు, పొదుపు లక్షా యాభై వేలు తీసివేయగా మిగిలినది ఐదు లక్షల యాభై ఆరు వేలు. దానిపై సెస్సుతో కలిపి పన్ను రూ. 24,648. ఫీజు కలపకపోతే రూ. 17,160 అయ్యేది. అనగా అమ్మాయి ఫీజు మాఫీ వల్ల ఆయనపై పడిన అదనపు భారం రూ. 7,488.

“ఇరవై నాలుగు వేలు పట్టుకున్నారు, అంతేనండీ?” అన్నాడాయన.

“పట్టుకున్నారు. కాని మీరు క్రొత్త పద్ధతి లెక్క చూచుకున్నారా?” అన్నాను.

చూచుకోలేదన్నాడు. ఇద్దరం కలిసి ఆ కాగితం వెనుకనే వేసినాము. ఆ సంవత్సరానికి క్రొత్త పద్ధతిలో పొదుపులకు తగ్గింపు లేదు. స్థిర తగ్గింపు మాత్రం డెబ్బది ఐదు వేలు. ఏడు లక్షల యాభై ఆరు వేలలో అది పోగా ఆరు లక్షల ఎనభై ఒక్క వేలు. నికర ఆదాయం ఏడు లక్షలు మించనివారికి ఆ పద్ధతిలో పూర్తి రిబేటు ఉన్నది. కట్టవలసిన పన్ను సున్న! ఫీజు కలిపినా సున్న, కలపకపోయినా సున్న. వ్యాపార ఆదాయం లేని జీతగాడు ఆఫీసులో ఏ పద్ధతి చెప్పినా, గడువులోపల రిటర్ను దాఖలు చేసేటప్పుడు రెండవ పద్ధతికి మారవచ్చును. అట్లా మారితే పట్టుకున్న పన్ను తిరిగి వస్తుంది.

ఆయన ఆ సున్నవైపు కొంతసేపు చూచి, “నిజమేనాండీ?” అన్నాడు. నిజమే, గాని ఊరిలోని ఆడిటరు చేత ఒకసారి సరిచూపించుకోమన్నాను.

ఇది అందరికీ వర్తించే ఫలితం కాదు. ఇరవై లక్షల ఆదాయమున్న ఆచార్యునికి ఆ సంవత్సరంలో అదే ముప్ఫై ఆరు వేలపై ముప్ఫై శాతం రేటున, సెస్సుతో కలిపి, రూ. 11,232 పడుతుంది. ఏ పద్ధతి మారినా అది తప్పదు. చిన్న జీతగానికి మాత్రం లెక్క తెలియకపోవడమే నిజమైన నష్టం. 2025–26 సంవత్సరానికి క్రొత్త పద్ధతిలో రిబేటు పరిమితిని పన్నెండు లక్షలకు పెంచినారు గనుక మరెన్నో కుటుంబాలకు ఈ భారం లేకుండా పోయినది.

కడపట కొన్ని సూచనలు. ఫీజు రాయితీ ఉత్తర్వును, మీరు కట్టిన భాగానికి రసీదులను భద్రపరచుకొనండి. జీతంలో ఎంత కలిపినారో, ఏ ఆధారంతో విలువ కట్టినారో ఆఫీసులో అడగండి. ప్రతి యేడూ రెండు పద్ధతులలోను పన్ను లెక్కించి చూచి ఏది మేలో నిర్ణయించుకొనండి. నిరుటి మాట ఈ యేటికి చెల్లకపోవచ్చును. 1961 నాటి చట్టం స్థానంలో 2026 ఏప్రిల్ 1 నుండి అమలు తేదీగా 2025వ సంవత్సరపు ఆదాయపు పన్ను చట్టం వచ్చినది. ఆ తేదీ తర్వాతి సంవత్సరాలకు ఇక్కడ చెప్పిన సెక్షను సంఖ్యలను, పరిమితులను కాక, క్రొత్త చట్టంలోని వాటినే చూచుకొనవలెను. అన్నిటికంటె ముఖ్యమైనది, పన్ను భయంతో రాయితీని వదులుకొనవద్దు. ముప్ఫై ఆరు వేల ఫీజు మాఫీపై పదకొండు వేలు పన్ను కట్టినా ఇరవై నాలుగు వేల పైచిలుకు మిగిలినట్లే గదా!

తెనాలి స్టేషను వచ్చినది. దిగేముందు ఆ పెద్దమనిషి నా దగ్గరకు వచ్చి, కుమార్తెకు వినబడకుండా, “రాత్రి ఇంట్లో ఈ పన్ను సంగతి మాట్లాడుకుంటుంటే అమ్మాయి విన్నదండీ. తనవల్ల ఖర్చని, చదువు మానేస్తానన్నది. అందుకే ఈ కాగితం పట్టుకొని ఆఫీసుకు బయలుదేరినాను” అన్నాడు.

ఆ మాట విన్నప్పుడు నాకు సెక్షన్లన్నీ ఒక ప్రక్కకు పోయినవి. ఆయన ప్లాట్‌ఫారం మీద నిలబడి, ఆ కాగితం వెనుకవైపు త్రిప్పి కుమార్తెకు చూపిస్తూ ఏమో చెబుతున్నాడు. ఆమె పుస్తకంలో వ్రేలు పెట్టి మూసి, ఆ లెక్కను మొదటినుండి తానే మరల కట్టి చూస్తున్నది.